టారిన్: మానవ ఆరోగ్యంలో దాని పాత్ర

టారిన్ గంధకం కలిగిన ఒక చిన్న కర్బన పదార్థం. మనిషి శరీరంలో గుండె, ఎముకలకు అంటిన కండరాలు, మెదడు, కంటిలోని రెటీనా, తెల్ల రక్తకణాలు దీనికి ప్రధాన నిలయాలు. శరీర బరువులో సుమారు 0.1 శాతం దాకా ఉంటుందని అంచనా. అంటే 70 కిలోల మనిషిలో దాదాపు 70 గ్రాములు. పైత్యరస లవణాల తయారీ, కణాల్లో నీటి సమతూకం, గుండె కండరం పనితీరు, కంటిచూపు, కణశక్తి ఉత్పత్తి వంటి అనేక పనుల్లో దీని పాత్ర నిరూపితమైంది. కాలేయం దీన్ని స్వయంగా తయారు చేసుకుంటుంది. చేపలు, మాంసం, తల్లిపాలు దీన్ని బయటినుంచి అందిస్తాయి. ఇటీవలి కాలంలో ఎనర్జీ డ్రింకుల డబ్బాల మీద, పోషక మాత్రల సీసాల మీద దీని పేరు విరివిగా కనిపిస్తోంది. అందువల్ల దీని గురించి నిజమేదో, ప్రచారమేదో తెలుసుకోవలసిన అవసరం పెరిగింది.

పేరు, చరిత్ర

1827లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు ఫ్రీడ్రిష్ టీడెమన్, లియోపోల్డ్ గ్మెలిన్ ఎద్దు పైత్యరసం నుంచి ఈ పదార్థాన్ని తొలిసారి వేరుచేశారు. లాటిన్‌లో ‘టారస్’ అంటే ఎద్దు. మన వృషభ రాశికి పాశ్చాత్యులు వాడే పేరూ అదే. ఆ మాట నుంచే 1838లో దీనికి టారిన్ అన్న పేరు వచ్చింది. ఇందులో గంధకం ఉందన్న సంగతి ఆ తర్వాత బయటపడింది. ఆవులు, ఎద్దుల పిత్తాశయంలో గట్టిపడిన రాయిని తెలుగువారు గోరోచనం పేరుతో ఎరుగుదురు. పూర్వం పసిపిల్లల మందుల్లో దాన్ని అరగదీసి వాడేవారు. ఆ గోరోచనానికీ టారిన్‌కీ పుట్టినిల్లు ఒకటే, పశువుల పైత్యరసం.

ఈ పేరు వల్ల ఒక అపోహ స్థిరపడిపోయింది. పానీయాల్లో కలిపే టారిన్‌ను ఎద్దు శరీరం నుంచి, కొందరి మాటల్లో ఎద్దు వీర్యం నుంచి తీస్తారని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఇవాళ మార్కెట్లో దొరికే టారిన్‌ను కర్మాగారాల్లో రసాయన పద్ధతుల్లో తయారు చేస్తారు. ఇథిలీన్ ఆక్సైడ్, సోడియం బైసల్ఫైట్, అమ్మోనియాలతో దశలవారీగా సాగే పద్ధతి వాటిలో ముఖ్యమైనది. ప్రపంచానికి కావలసిన టారిన్‌లో ఎక్కువ భాగం చైనాలో ఉత్పత్తి అవుతోంది. దాని తయారీలో ఏ జంతువు ప్రమేయమూ లేదు.

రసాయన స్వభావం

టారిన్ అణువులో రెండు కార్బన్, ఏడు హైడ్రోజన్, ఒక నైట్రోజన్, మూడు ఆక్సిజన్, ఒక గంధక పరమాణువు ఉంటాయి. అణుభారం సుమారు 125. శుద్ధమైన టారిన్ తెల్లని స్ఫటికాలుగా ఉండి నీటిలో కరుగుతుంది, కొవ్వులో కరగదు.

దీన్ని సాధారణంగా అమైనో ఆమ్లం అంటారు గాని, కచ్చితంగా చెప్పాలంటే ఇది అమైనో సల్ఫోనిక్ ఆమ్లం. మాంసకృత్తులను కట్టే అమైనో ఆమ్లాలన్నిటిలో కార్బాక్సిల్ అనే భాగం ఉంటుంది. టారిన్‌లో ఆ స్థానంలో గంధకంతో కూడిన సల్ఫోనిక్ భాగం ఉంటుంది. అందువల్ల ఇది మిగతా అమైనో ఆమ్లాలతో గొలుసుగా ముడిపడదు, మాంసకృత్తుల్లో ఇటుకలా ఇమడదు. కణంలోని నీటిలో ఒంటరిగా, స్వేచ్ఛగా తిరుగుతుంది. దాని ప్రత్యేకత అంతా ఇక్కడే ఉంది. కండను కట్టడం దాని పని కాదు. కట్టిన కణం చక్కగా పనిచేసే వాతావరణాన్ని కాపాడటం దాని పని.

శరీరంలో తయారీ, నిల్వ

మనం తినే మాంసకృత్తుల్లో మిథియోనిన్, సిస్టీన్ అనే గంధక అమైనో ఆమ్లాలు ఉంటాయి. శరీరం మిథియోనిన్‌ను సిస్టీన్‌గా మార్చుకోగలదు. కాలేయంలో ఆ సిస్టీన్ ఆక్సీకరణం చెంది, తర్వాత ఒక ఎంజైమ్ చర్యతో హైపోటారిన్‌గా మారి, చివరికి టారిన్ అవుతుంది. మధ్యలో వచ్చే ఎంజైమ్‌కు విటమిన్ బి6 తోడు కావాలి. మెదడు, కొవ్వు కణజాలం వంటి చోట్ల కూడా కొంత తయారవుతుంది. మొత్తం మీద మనిషిలో ఈ ఎంజైమ్ సామర్థ్యం ఎలుకలతో పోలిస్తే తక్కువ. పసిబిడ్డల్లో, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టినవారిలో మరీ తక్కువ. అందుకే టారిన్‌ను ‘కొన్ని పరిస్థితుల్లో తప్పనిసరి’ అయిన పోషకంగా పరిగణిస్తారు.

రక్తంలో టారిన్ కొద్దిగానే ఉంటుంది. కణాల లోపల అంతకు వందల రెట్లు ఎక్కువ గాఢతలో నిల్వ ఉంటుంది. రక్తం నుంచి కణంలోకి దాన్ని చేరవేసేందుకు కణపొరలో ప్రత్యేకమైన రవాణా ప్రోటీన్ ఉంది. మిగులును, కొరతను సరిదిద్దే బాధ్యత మూత్రపిండాలది. ఆహారంలో ఎక్కువైతే మూత్రంలో వదిలేస్తాయి, తక్కువైతే తిరిగి పీల్చుకుని పొదుపు చేస్తాయి. కాలేయంలో తయారీతో పాటు ఈ పొదుపు గుణం వల్ల చేప, మాంసం తినని కోట్లాది మంది ఆరోగ్యంగా ఉండగలుగుతున్నారు.

శరీరంలో టారిన్ చేసే పనులు

పైత్యరసం: కాలేయం కొలెస్టరాల్ నుంచి పైత్య ఆమ్లాలను తయారు చేసి, వాటికి గ్లైసిన్‌ను గాని టారిన్‌ను గాని జతచేస్తుంది. ఆ జోడింపు వల్ల అవి నీటిలో బాగా కరిగే పైత్య లవణాలుగా మారతాయి. నేతి గిన్నె మీద ఒట్టి నీళ్లు పోస్తే జిడ్డు వదలదు. సబ్బు తగిలితే సన్నని నురగగా విడిపోయి నీటితో పోతుంది. భోజనంలోని నెయ్యి, నూనె మీద పైత్య లవణాలు పేగులో చేసే పని అచ్చంగా ఇదే. జిడ్డు సన్నని తుంపరలుగా విడిపోతేనే ఎంజైములకు అందుతుంది. కొవ్వుతోపాటు ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టేదీ అప్పుడే. పెద్దవారిలో గ్లైసిన్ జతల వాటా టారిన్ జతలకు దాదాపు మూడు రెట్లు ఉంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డల్లో మాత్రం టారిన్ జతలదే పైచేయి.

నీటి సమతూకం: కణం చుట్టూ ఉప్పు గాఢత మారినప్పుడల్లా నీరు లోపలికో బయటికో పారుతుంది. దాన్ని అదుపు చేయడానికి కణం టారిన్‌ను వాడుకుంటుంది. ఉబ్బుతుంటే టారిన్‌ను బయటికి వదులుతుంది, ముడుచుకుంటుంటే లోపలికి లాక్కుంటుంది. గట్టి పుర్రెలో ఇమిడి ఉన్న మెదడుకు వాపు ప్రాణాంతకం కనుక అక్కడ ఈ సర్దుబాటుకు విలువ మరీ ఎక్కువ. ఉప్పునీటిలో బతికే ఆల్చిప్పలు, స్క్విడ్‌లు కూడా ఇదే ఉపాయంతో సముద్రపు ఉప్పును తట్టుకుంటాయి. వాటి మాంసంలో టారిన్ దండిగా ఉండటానికి కారణం ఇదే. జపాన్‌లో అమ్మే ఎండు స్క్విడ్ మీద పిండి చల్లినట్టు తెల్లని పొర కనిపిస్తుంది. కొత్తవారు దాన్ని బూజు అనుకుంటారు. ఆరేటప్పుడు నీటితో పాటు పైకి వచ్చి స్ఫటికాలుగా మిగిలిన టారిన్ అందులో ప్రధానాంశం.

గుండె, కండరాలు: గుండె కొట్టుకునే ప్రతిసారీ కండర కణాల్లోకి కాల్షియం వచ్చి, పని ముగియగానే వెనక్కి పోవాలి. ఈ రాకపోకలను క్రమబద్ధం చేయడంలో టారిన్ సాయపడుతుంది. టారిన్ రవాణా జన్యువును తొలగించిన ఎలుకల్లో గుండె కండరం బలహీనపడటం, కండరాల సత్తువ తగ్గడం, చూపు పోవడం కనిపించాయి.

కన్ను: రెటీనాలో వెలుగును పట్టే కణాల్లో టారిన్ అత్యధిక గాఢతలో ఉంటుంది. అది తగ్గితే ఆ కణాలు క్రమంగా క్షీణిస్తాయి.

నాడీ వ్యవస్థ: మెదడులో ఉద్రేకాన్ని తగ్గించే గాబా, గ్లైసిన్ అనే సంకేత పదార్థాల గ్రాహకాల మీద టారిన్ కూడా పనిచేస్తుంది. అంటే దీని సహజ గుణం నాడులను రెచ్చగొట్టడం కాదు, నెమ్మదింపజేయడం.

రక్షణ వ్యవస్థ: న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి హైపోక్లోరస్ ఆమ్లాన్ని పుట్టిస్తాయి. బ్లీచింగ్ పౌడర్ నీటిలో క్రిములను చంపేదీ ఆ ఆమ్లంతోనే. సూక్ష్మజీవి చచ్చాక మిగిలిన ఆమ్లం సొంత కణజాలాన్నే కాల్చేస్తుంది. ఆ కణాల్లో ఉన్న టారిన్ దానితో కలిసి టారిన్ క్లోరమిన్‌గా మారి, ఆ ఘాటును తగ్గించి, వాపును అదుపులో ఉంచుతుంది.

కణశక్తి: కణానికి శక్తిని అందించే మైటోకాండ్రియాలకు సొంతంగా మాంసకృత్తులు కట్టుకునే యంత్రాంగం ఉంది. అందులోని కొన్ని బదిలీ ఆర్‌ఎన్‌ఏ అణువులకు టారిన్ అతికి ఉంటుందని 2002లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆ అతుకు లేకపోతే జన్యు సంకేతాన్ని చదవడం తడబడుతుంది. మెలాస్ అనే అరుదైన వంశపారంపర్య వ్యాధిలో జరిగేది ఇదే.

పిల్లులు నేర్పిన పాఠం

టారిన్ లోపిస్తే ఏమవుతుందో మానవాళికి మొదట చెప్పినవి పిల్లులు. పిల్లి పైత్య ఆమ్లాలకు టారిన్‌ను తప్ప గ్లైసిన్‌ను జతచేయలేదు. టారిన్‌ను స్వయంగా తయారు చేసుకునే శక్తి దానికి చాలా తక్కువ. ఎలుకను, పిట్టను వేటాడి తినే జంతువుకు ఆ శక్తి పెద్దగా అవసరం పడలేదు. పాలలోని కేసీన్ మాత్రమే మాంసకృత్తిగా ఉన్న ఆహారం పెట్టిన పిల్లుల్లో టారిన్ తగ్గి రెటీనా క్షీణిస్తోందని 1975లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకు చెందిన పశువైద్యుడు పాల్ పయాన్ బృందం మరో ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. డబ్బాల్లో అమ్మే ఆహారం తింటున్న పెంపుడు పిల్లులకు గుండె కండరం సాగిపోయి బలహీనపడే జబ్బు వస్తోంది. వాటి రక్తంలో టారిన్ తక్కువగా ఉంది. టారిన్ ఇవ్వగానే గుండె మళ్లీ కోలుకుంటోంది. అంతవరకు ప్రాణాంతకం అనుకున్న జబ్బుకు మందు అంత తేలికైనదని తెలియడంతో తయారీదారులు పిల్లుల ఆహారంలో టారిన్ పెంచారు. ఆ జబ్బు వేగంగా తగ్గిపోయింది.

మన ఇళ్లలో ఈ విషయం తెలియక జరిగే పొరపాటు ఒకటుంది. శాకాహారుల ఇంట పెరిగే పిల్లికి పాలు, పెరుగన్నంతోనే కడుపు నింపుతారు. బయట వేటకు తిరిగే పిల్లి తన లోటు తాను తీర్చుకుంటుంది. తలుపులు మూసిన అపార్ట్‌మెంట్‌లోని పిల్లికి ఆ దారి లేదు. దానికి చేపో, మాంసమో, టారిన్ కలిపిన పిల్లుల ఆహారమో తప్పనిసరి.

మనిషిలోనూ ఇలాంటి ఉదాహరణ దొరికింది. టారిన్ రవాణా జన్యువులో లోపంతో పుట్టిన తోబుట్టువులకు రెటీనా క్షీణత, గుండె కండర జబ్బు వచ్చిన సంగతి పాకిస్థాన్‌కు చెందిన ఒక మేనరికపు కుటుంబంలో బయటపడింది. 2020లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో నోటి ద్వారా టారిన్ ఇవ్వడంతో గుండె జబ్బు నయమైంది, కంటి క్షీణత ఆగింది. మేనరికాలు నేటికీ సాగుతున్న తెలుగు ప్రాంతాల వైద్యులు గుర్తుంచుకోదగిన ఉదాహరణ ఇది.

పసిబిడ్డలు, తల్లిపాలు

గర్భంలో శిశువుకు టారిన్ మాయ ద్వారా తల్లి రక్తం నుంచి అందుతుంది. పుట్టాక తల్లిపాలు అందిస్తాయి. తల్లిపాలలో విడిగా ఉండే ప్రధాన అమైనో ఆమ్లాల్లో టారిన్ ఒకటి. ఆవుపాలలో అది బాగా తక్కువ. ఆవుపాల ఆధారంగా చేసిన డబ్బా పాలు తాగిన నెలలు నిండని బిడ్డల రక్తంలో టారిన్ పడిపోతోందని 1970ల్లో పరిశోధనలు చూపాయి. నోటితో తినలేక చాలాకాలం రక్తనాళం ద్వారా పోషణ పొందిన పిల్లల రెటీనా స్పందనల్లో తేడా వచ్చిందనీ, టారిన్ చేర్చాక అది సర్దుకుందనీ 1985లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఆ దశకం నుంచి చాలా దేశాల్లో డబ్బా పాలలో టారిన్ కలపడం మొదలైంది. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణాలు దీన్ని ఐచ్ఛిక పదార్థంగా గుర్తించి, 100 కిలోకేలరీలకు 12 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితి పెట్టాయి.

ఆహారంలో టారిన్

టారిన్ దాదాపుగా జంతు సంబంధ ఆహారంలోనే దొరుకుతుంది. స్కాలప్, ఆల్చిప్పల వంటి గుల్ల జీవుల మాంసంలో అత్యధికం. 100 గ్రాములకు 500 నుంచి 800 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. చేపల్లో జాతిని బట్టి మారినా చెప్పుకోదగినంత ఉంటుంది. కోడిమాంసంలో భాగాన్ని బట్టి తేడా ఉంది. ముదురు రంగులో ఉండే కాలు, తొడ మాంసంలో 100 గ్రాములకు సుమారు 170 మిల్లీగ్రాములు ఉంటే, తెల్లని రొమ్ము మాంసంలో సుమారు 18 మిల్లీగ్రాములే ఉంటుంది. విందులో పిల్లలు పోటీపడే లెగ్ పీస్‌కు ఈ ఘనత కూడా ఉంది. పాలలో స్వల్పం. బియ్యం, పప్పులు, కూరగాయలు, పండ్లలో దాదాపు శూన్యం. కొన్ని సముద్రపు నాచులు మాత్రం ఇందుకు మినహాయింపు.

టారిన్ నీటిలో కరుగుతుంది కనుక ఉడికేటప్పుడు కొంత ముక్క నుంచి నీటిలోకి దిగుతుంది. ఉడికించిన నీళ్లు పారబోస్తే దానితో పాటు పోతుంది. మన చేపల పులుసులో ముక్కకు, పులుసుకు తేడా లేకుండా రెండూ అన్నంలో కలుపుకుంటాం గనుక ఆ నష్టం ఉండదు.

చేప, మాంసం తినేవారికి రోజుకు సుమారు 40 నుంచి 400 మిల్లీగ్రాముల టారిన్ ఆహారం నుంచి అందుతుందని అంచనా. 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 15 ఏళ్లు దాటినవారిలో దాదాపు 98 శాతం మంది మాంసాహారులు. అయితే చాలా ఇళ్లలో మాంసం ఆదివారానికో, పండుగకో పరిమితం. మిగతా రోజుల్లో వారికి, అన్ని రోజులూ శాకాహారులకు, కాలేయమే టారిన్ దాత. జంతు సంబంధ ఆహారం అసలే తీసుకోనివారి రక్తంలో టారిన్ కొంత తక్కువగా, మూత్రంలో చాలా తక్కువగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. మూత్రపిండాలు పొదుపు చేస్తున్నాయన్నమాట. ఆ తగ్గుదల వల్ల పెద్దవారిలో నిర్దిష్టమైన వ్యాధి వచ్చినట్టు ఆధారాలు లేవు. శాకాహారి చూసుకోవలసింది ముడిసరుకు గురించి. పప్పుధాన్యాల్లో మిథియోనిన్ తక్కువ. బియ్యం, జొన్న, సజ్జ, నువ్వుల్లో అది మెరుగు. పప్పన్నం, నువ్వుల పొడి, ఒక గ్లాసు మజ్జిగ కలిసిన భోజనం ఆ ముడిసరుకును సమకూరుస్తుంది.

ఎనర్జీ డ్రింకులు

టారిన్‌ను సామాన్యుడి నోటికి చేర్చినవి పానీయాలు. 1962లో జపాన్‌లోని తైషో ఔషధ సంస్థ లిపోవిటాన్ డి అనే చిన్న సీసా టానిక్‌ను విడుదల చేసింది. అందులో ప్రధానాంశం టారిన్. ఆ తరహా టానిక్కుల స్ఫూర్తితో థాయ్‌లాండ్‌లో చాలియో యూవిధ్యా 1970ల్లో క్రేటింగ్ డేంగ్ అనే పానీయం తెచ్చాడు. ఆ పేరుకు ఎర్ర అడవిదున్న అని అర్థం. దాని ఆధారంగా డీట్రిష్ మాటెషిట్జ్ 1987లో ఆస్ట్రియాలో రెడ్ బుల్‌ను మార్కెట్‌లోకి తెచ్చాడు. అక్కడినుంచి ఈ పానీయాలు ప్రపంచమంతా పాకాయి. టారిన్ మీద అనుమానంతో ఫ్రాన్స్ చాలాకాలం రెడ్ బుల్‌ను అనుమతించలేదు. 2008లో అక్కడ అమ్మకాలు మొదలయ్యాయి. పానీయాల్లో వాడే స్థాయిలో టారిన్ వల్ల ఆందోళన అవసరం లేదని ఐరోపా ఆహార భద్రత సంస్థ 2009లో అభిప్రాయపడింది.

విదేశాల్లో అమ్మే 250 మిల్లీలీటర్ల మామూలు రెడ్ బుల్ డబ్బాను తిప్పి వెనక చదివితే లెక్క తెలుస్తుంది. టారిన్ 1000 మిల్లీగ్రాములు. కెఫీన్ 80 మిల్లీగ్రాములు, అంటే ఒక కప్పు కాఫీలో ఉన్నంత. చక్కెర సుమారు 27 గ్రాములు. రోజు మొత్తం మీద అదనపు చక్కెర 25 గ్రాములకు తగ్గిస్తే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క డబ్బాతో ఆ గీత దాటిపోతుంది. తాగాక వచ్చే ఉత్సాహం, గుండె దడ, నిద్ర పట్టకపోవడం ప్రధానంగా కెఫీన్ ప్రభావాలు. నాడులను నెమ్మదింపజేసే టారిన్‌కు ఆ ఖ్యాతీ చెందదు, ఆ నిందా చెందదు. మన దేశంలో ఇలాంటి కెఫీన్ పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండవచ్చని ఆహార భద్రత ప్రమాణాలు చెబుతున్నాయి. పిల్లలు, గర్భిణులు, బాలింతలు, కెఫీన్ పడనివారు తాగరాదన్న హెచ్చరికను డబ్బా మీద ముద్రించాలి. ఆ అక్షరాలు చిన్నవి. పరీక్షల ముందు రాత్రి మేలుకోవడానికి ఈ డబ్బాలు కొనే పిల్లలకు ఆ చిన్న అక్షరాలను చదివి చెప్పవలసినది పెద్దలే.

వైద్యంలో టారిన్

గుండె బలహీనత ఉన్న రోగులకు టారిన్‌ను మందుగా వాడటంలో జపాన్ ముందుంది. 1980ల్లోనే అక్కడ ఆ చికిత్సకు అనుమతి లభించింది. మెలాస్ వ్యాధిలో పక్షవాతం లాంటి దాడులను నివారించడానికి ఎక్కువ మోతాదు టారిన్‌ను 2019లో జపాన్ ఆమోదించింది. ఆ ఆమోదానికి ఆధారమైన పరీక్షలో 10 మంది రోగులకు 52 వారాలపాటు రోజుకు 9 గాని 12 గాని గ్రాములు ఇచ్చారు. వారిలో 6 మందికి ఆ కాలమంతా దాడులు రాలేదు.

రక్తపోటు కొద్దిగా పెరిగి, ఇంకా వ్యాధి దశకు చేరని 120 మందిపై చైనాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. రోజుకు 1.6 గ్రాముల చొప్పున 12 వారాలు టారిన్ తీసుకున్నవారిలో పై రక్తపోటు సగటున 7 పాయింట్లు, కింది రక్తపోటు 5 పాయింట్ల వరకు తగ్గాయి. 25 పరీక్షలను, వెయ్యికి పైగా వ్యక్తులను కలిపి చూసిన 2024 నాటి విశ్లేషణలో పై రక్తపోటు సుమారు 4 పాయింట్లు, పరగడుపు చక్కెర డెసిలీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములు, ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు తగ్గినట్టు తేలింది. ఇవి ఆశాజనకమైన అంకెలు. కానీ చాలా పరీక్షలు చిన్నవి, కొద్దికాలం జరిగినవి. గుండెపోటు, పక్షవాతం, మరణాలు తగ్గుతాయా అన్న ప్రశ్నకు వాటిలో సమాధానం లేదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు తమ మందు మాని టారిన్ మాత్రలు వేసుకోవడానికి ఇవి ఏమాత్రం ఆధారం కావు. వ్యాయామంలో ఓర్పు కొద్దిగా పెరుగుతుందని కొన్ని విశ్లేషణలు చూపినా, ఆ లాభం స్వల్పం.

టారిన్ నుంచి పుట్టిన ఔషధాలూ ఉన్నాయి. టారోలిడిన్ అనే సూక్ష్మజీవి నాశక పదార్థాన్ని హెపారిన్‌తో కలిపి, డయాలసిస్ రోగుల గొట్టాల్లో ఇన్‌ఫెక్షన్ రాకుండా వాడేందుకు 2023లో అమెరికా అనుమతించింది.

వార్ధక్యం మీద చర్చ

2023 జూన్‌లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం టారిన్‌ను పతాక శీర్షికల్లోకి తెచ్చింది. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన విజయ్ యాదవ్ బృందం, ఢిల్లీలోని జాతీయ ఇమ్యునాలజీ సంస్థ వారితో సహా అనేక దేశాల పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనమిది. ఎలుకలు, కోతులు, మనుషుల్లో వయసుతో పాటు రక్తంలో టారిన్ తగ్గుతోందని వారు చెప్పారు. 60 ఏళ్లవారిలో 5 ఏళ్ల పిల్లలతో పోలిస్తే మూడో వంతే ఉందన్నారు. నడివయసు ఎలుకలకు రోజూ టారిన్ ఇస్తే వాటి సగటు ఆయుష్షు 10 నుంచి 12 శాతం పెరిగింది. కోతుల్లో బరువు, ఎముకల సాంద్రత, చక్కెర స్థాయిలు మెరుగయ్యాయి. మనుషుల్లో ఆయుష్షు పెరుగుతుందని మాత్రం ఆ వ్యాసం ఎక్కడా నిరూపించలేదు.

2025 జూన్‌లో అదే పత్రికలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల బృందం మరో అధ్యయనం ప్రచురించింది. 26 నుంచి 100 ఏళ్లవారి రక్త నమూనాలను, ఒకే వ్యక్తి నుంచి ఏళ్ల తరబడి సేకరించినవాటిని కలుపుకొని, పరిశీలించింది. వయసుతో టారిన్ తగ్గలేదు. చాలామందిలో అలాగే ఉంది, లేదా పెరిగింది. ఒక మనిషికీ మరో మనిషికీ ఉన్న తేడాలే వయసు తెచ్చే తేడాకన్నా ఎక్కువ. అంటే రక్తంలోని టారిన్‌ను కొలిచి ఎవరి ముసలితనాన్నీ లెక్కకట్టలేం. అదే ఏడాది మే నెలలో నేచర్ పత్రికలో రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన జీవిషా బజాజ్ బృందం ఇంకో హెచ్చరిక చేసింది. ఎముక మజ్జలో తయారయ్యే టారిన్‌ను రక్త క్యాన్సర్ కణాలు లాక్కుని పెరుగుతున్నాయని ఎలుకల్లోను, మానవ క్యాన్సర్ కణాల్లోను వారు చూపారు. టారిన్ తింటే క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. రక్త క్యాన్సర్ ఉన్నవారు తమకు తాముగా టారిన్ మాత్రలు వాడకూడదని అర్థం.

భద్రత, మోతాదు

ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకు 3 గ్రాముల వరకు తీసుకున్న పరీక్షల్లో తీవ్రమైన దుష్ఫలితాలు కనిపించలేదు. కొందరికి కడుపులో ఇబ్బంది కలగవచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మాత్రం మిగులు బయటికి పోక రక్తంలో పేరుకుపోతుంది. డయాలసిస్ రోగులకు టారిన్ ఇచ్చిన ఒక పరీక్షలో తల తిరగడం కనిపించింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, రక్తపోటు మందులు వాడేవారు వైద్యుడి సలహా లేకుండా దీన్ని మందుగా తీసుకోకూడదు. కండలు పెంచడానికి ప్రోటీన్ పొడుల మీద ఆధారపడవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు హితవు చెప్పాయి. వ్యాయామశాలల్లో అమ్మే టారిన్ పొడుల విషయంలోనూ అదే వివేకం పనికొస్తుంది.

టారిన్ గురించి రెండు శతాబ్దాల పరిశోధన చెప్పిన సారం ఒకటే: లోటు తీర్చడం వేరు, మోతాదు పెంచడం వేరు. లోటు ఉన్న పిల్లికి, నెలలు నిండని బిడ్డకు, జన్యులోపం ఉన్న రోగికి టారిన్ చూపునూ గుండెనూ నిలబెట్టింది. లోటు లేని మనిషికి అదనపు టారిన్ ఆయుష్షు పెంచుతుందని నేటివరకు రుజువు కాలేదు. వారానికి ఒకటి రెండుసార్లు చేప తినేవారికి అది పళ్లెంలోనే ఉంది. తినని వారికి కాలేయం తయారు చేసి పెడుతోంది. పసిబిడ్డకు తల్లిపాలలో ఉంది. డబ్బా కొనే ముందు ఈ మూడు సంగతులు గుర్తు చేసుకుంటే చాలు.